తెలిసినా నోరు ఎందుకు పెగలదు?

తరగతిలో మాస్టారు ఒక ప్రశ్న అడిగారు. జవాబు మీకు తెలుసు. చెయ్యెత్తాలని ఉంది. కానీ చెయ్యి లేవదు. గుండె దడదడ కొట్టుకుంటుంది. నాలుక పిడచకట్టుకుపోతుంది. అరచేతులు చెమర్చుతాయి. ఈలోగా ముందు బెంచీ కుర్రవాడు అదే జవాబు చెప్పి దర్జాగా కూర్చుంటాడు. "అయ్యో, నేననుకున్నదీ ఇదే గదా!" అని మీరు లోలోపల నొచ్చుకుంటారు.

ఇలాంటి అనుభవం లేని విద్యార్థి అరుదు. చాలామంది దీనికి పిరికితనం అని పేరు పెట్టేస్తారు. "ఆ పిల్ల పుట్టుకతోనే మాటకారి, ఈ పిల్ల నోట్లో నాలుక లేనిది" అని తేల్చేస్తారు. మాట్లాడే ధైర్యం నిజంగా పుట్టుకతో వచ్చేదేనా? లేక ఈత లాగా, సైకిలు తొక్కడం లాగా నేర్చుకోదగిన విద్యేనా? బడిలో దాన్ని నేర్చుకోవచ్చా?

ఈ ప్రశ్నలకు శాస్త్రజ్ఞులు చాలావరకు జవాబులు కనుక్కున్నారు. పటాన్‌చెరు వంటి పారిశ్రామిక ప్రాంతంలో ఈ విద్యకు ఎందుకంత విలువ ఉందో తరువాత చూద్దాం. ముందుగా, నోరు పెగలని ఆ క్షణంలో మన ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకుందాం.

పులి లేకపోయినా పులి భయం

మన రెండు మూత్రపిండాల మీద చిన్న టోపీల్లా రెండు గ్రంథులు ఉంటాయి. వీటిని అడ్రినల్ గ్రంథులు అంటారు. ఆపద ఎదురైందని మెదడు గ్రహించగానే నాడుల ద్వారా వీటికి కబురు పంపుతుంది. అవి వెంటనే అడ్రినలిన్ అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. దాంతో గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి త్వరత్వరగా ఆడుతుంది. కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ సమయంలో అన్నం అరగడం ముఖ్యం కాదు కాబట్టి నోట్లో లాలాజలం తగ్గిపోతుంది. నాలుక పిడచకట్టేది అందుకే!

ఈ మార్పులన్నీ దేనికి? పోరాడటానికి, లేదా పారిపోవడానికి. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ ఈ సంగతిని 1915లో వెలువరించిన తన గ్రంథంలో వివరించాడు. అడవిలో మృగం ఎదురైన ఆదిమానవుడికి ఈ ఏర్పాటు ప్రాణం కాపాడింది. చిక్కల్లా ఏమిటంటే, మృగం కళ్ళకూ, తరగతిలో నలభై జతల కళ్ళకూ మన శరీరం పెద్దగా తేడా చూపదు. రెండింటికీ ఒకే విధంగా సిద్ధమవుతుంది.

కబడ్డీలో కూతకు వెళ్ళబోయే ఆటగాడి గుండె కూడా ఇలాగే కొట్టుకుంటుంది. అతన్ని మనం పిరికివాడనం. "ఊపు మీద ఉన్నాడు" అంటాం. అంటే గుండె దడ పిరికితనానికి గుర్తు కాదు. శరీరం పనికి సిద్ధమైందనడానికి గుర్తు.

దీన్ని కొంత అదుపు చేసే ఉపాయం కూడా మన దగ్గరే ఉంది. ఒక చేతి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపున, రెండో చేతి రెండు వేళ్ళు ఆనించి నాడి చూసుకోండి. ఊపిరి మెల్లగా పీల్చండి. నాడి కాస్త వేగం అవుతుంది. మరింత మెల్లగా వదలండి, నాడి నెమ్మదిస్తుంది. పిల్లల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు వాగస్ అనే నాడి గుండెకు కళ్ళెం వేయడమే దీనికి కారణం. కనుక లేచి మాట్లాడేముందు నాలుగైదుసార్లు దీర్ఘంగా ఊపిరి వదిలితే దడ కొంత తగ్గుతుంది.

గొంతు ఎందుకు వణుకుతుంది?

మాట పుట్టేది గాలితో. ఊపిరితిత్తుల నుంచి పైకి వచ్చే గాలి గొంతులోని స్వరపేటిక గుండా సాగుతుంది. అక్కడ రెండు స్వరతంత్రులు ఉంటాయి. గాలి తోపుకు అవి కంపిస్తాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ళలో మగవారి స్వరతంత్రులు సెకనుకు నూరు పైచిలుకు సార్లు, ఆడవారివి రెండు వందలకు అటూ ఇటూ కంపిస్తాయి. చిన్నపిల్లల్లో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. ఆ కంపనాలను నాలుక, పెదవులు, పళ్ళు, అంగిలి కలిసి అక్షరాలుగా మలుస్తాయి.

భయంలో మెడ కండరాలతో పాటు స్వరపేటిక కండరాలూ బిగుసుకుంటాయి. వీణ తీగ బిగిస్తే శ్రుతి పెరిగినట్టు, గొంతు సన్నబడి పైకి పోతుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది కాబట్టి వాక్యం సగంలో గాలి చాలదు. గొంతు వణకడంలో ఉన్న రహస్యం ఇంతే. కడుపు నిండా ఊపిరి తీసుకుని, చిన్న చిన్న వాక్యాలుగా మాట్లాడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

హైస్కూలు మగపిల్లలకు ఇంకొక చిక్కు ఉంది. యుక్తవయసు వచ్చే కాలంలో స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, మందమవుతాయి. కొత్త కొలతలకు కండరాలు అలవాటు పడేవరకు గొంతు ఒకసారి బొంగురుగా, ఒకసారి కీచుగా పలుకుతుంది. కొన్ని నెలల్లో అది సర్దుకుంటుంది. దాన్ని చూసి తోటివాళ్ళు నవ్వితే ఆ కుర్రవాడు ఏడాదిపాటు నోరు మూసుకునే ప్రమాదం ఉంది. నవ్వేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బొద్దింకలు చెప్పిన పాఠం

ఇంట్లో ఒంటరిగా గడగడ అప్పజెప్పిన పాఠం నలుగురి ముందు ఎందుకు తడబడుతుంది? దీనికి ఒక తమాషా ప్రయోగం ఉంది. రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1969లో బొద్దింకల మీద చేసిన ప్రయోగం అది.

బొద్దింకకు వెలుతురు గిట్టదని మీకు తెలుసు. దీపం వెలిగించగానే చీకటి మూలకు పరుగెత్తుతుంది. శాస్త్రజ్ఞులు రెండు రకాల దారులు తయారు చేశారు. ఒకటి తిన్నని దారి: నేరుగా పరుగెత్తితే చాలు, చీకటి గది వస్తుంది. రెండోదానిలో మలుపు తిరిగితేనే చీకటి గది దొరుకుతుంది. దారి పక్కన పారదర్శకమైన పెట్టెల్లో వేరే బొద్దింకలను ప్రేక్షకులుగా ఉంచారు!

ఏమైందనుకుంటున్నారు? ప్రేక్షకులున్నప్పుడు తిన్నని దారిలో బొద్దింకలు మరింత వేగంగా పరుగెత్తాయి. మలుపు దారిలో మాత్రం ఎక్కువ ఆలస్యం చేశాయి. చూసేవాళ్ళుంటే బాగా అలవాటైన పని ఇంకా చురుగ్గా సాగుతుంది, అలవాటు లేని పని ఇంకా చెడుతుంది అన్నమాట.

మనుషులు బొద్దింకలు కారు. అయినా మనుషుల మీద జరిగిన ఎన్నో ప్రయోగాల్లో ఇదే ధోరణి కొంత మేరకు కనిపించింది. దీని నుంచి మనం గ్రహించవలసింది ఏమిటి? సభలో తడబడితే "నాకు చేతకాదు" అనుకోనక్కరలేదు. "ఇది నాకింకా తిన్నని దారి కాలేదు" అనుకోవాలి. సాధన చేయగా చేయగా మలుపు దారే తిన్నని దారి అవుతుంది.

అందరూ నన్నే చూస్తున్నారా?

ఇంకొక భయం ఉంది. "నా చేతులు వణకడం అందరికీ కనిపిస్తోంది" అనే భయం. ఇది ఎంతవరకు నిజం?

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం చేసిన పరిశోధన 2000లో ప్రచురితమైంది. విద్యార్థులు వేసుకోవడానికి సిగ్గుపడే ఒక గాయకుడి బొమ్మ ఉన్న చొక్కాను ఒక్కొక్కరికి తొడిగి, తోటివాళ్ళున్న గదిలోకి పంపారు. బయటికి వచ్చాక, "ఎంతమంది గమనించి ఉంటారు?" అని అడిగితే, దాదాపు సగం మంది అని ఊహించారు. నిజానికి గమనించినవారు నాలుగో వంతుకు మించలేదు. ఎవరి లోకంలో వాళ్ళు ఉంటారు మరి!

అదే శాస్త్రవేత్త, కెనెత్ సవిట్‌స్కీ కలిసి 2003లో ప్రకటించిన పరిశోధన ఉపన్యాసాల గురించే. వక్తలు తమ కంగారు ఎంత బయటపడిందని అనుకున్నారో, వినేవాళ్ళకు అంత కనిపించలేదు. ఇంకా విశేషం ఉంది. "మీ కంగారు ఎదుటివారికి మీరనుకున్నంతగా కనపడదు" అని ముందుగా చెప్పి పంపిన విద్యార్థులు మిగతావారికన్నా బాగా మాట్లాడారు. సంగతి తెలియడమే సగం మందు అయింది. ఇప్పుడు మీకూ తెలిసింది గదా!

మూడు సెకన్ల మహిమ

ఇంతవరకు పిల్లల సంగతి చెప్పుకున్నాం. బడి సంగతి ఏమిటి? మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు విజ్ఞానశాస్త్ర తరగతుల్లో జరిగే సంభాషణలను టేపుల మీద రికార్డు చేసి, కొలిచి చూసింది. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ తరువాత వేరే పిల్లవాణ్ణి అడిగేస్తున్నారు, లేదా తామే చెప్పేస్తున్నారు.

ఆ విరామాన్ని మూడు సెకన్లకు, ఇంకొంచెం పైకి పెంచితే ఏమైందో 1974లో ఆమె ప్రకటించింది. పిల్లల జవాబులు పొడవయ్యాయి. మౌనంగా ఉండిపోయేవారు తగ్గారు. అడగకుండానే మాట్లాడేవారు పెరిగారు. "వెనుకబడినవాళ్ళు" అని ముద్ర పడిన పిల్లలు కూడా నోరు విప్పారు. పిల్లలు ఎదురు ప్రశ్నలు వేయడమూ ఎక్కువైంది. ఖర్చు ఏమీ లేదు, కొత్త పరికరం లేదు. మూడు సెకన్ల ఓపిక, అంతే! ముందు బెంచీలో గబుక్కున చెయ్యెత్తే అలవాటున్నవారు కూడా ఆ మూడు సెకన్లు తమ తోటివాళ్ళకు ఇవ్వవచ్చు.

ఒక తరగతి, అనేక భాషలు

ఈ ఓపిక పటాన్‌చెరు చుట్టుపక్కల బడులకు మరీ అవసరం. హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే జాతీయ రహదారి మీదున్న ఈ ఊరి చుట్టూ 1970ల నుంచి కర్మాగారాలు వెలిశాయి. వాటిలో పని కోసం ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి కుటుంబాలు తరలివచ్చాయి. ఇక్కడి తండాల్లో లంబాడీ మాట్లాడతారు. చాలా ఇళ్ళలో ఉర్దూ మాట్లాడతారు. ఒక పిల్లవాడు ఇంట్లో ఒడియా, వీధిలో హిందీ, బడిలో తెలుగు మాట్లాడి, పాఠం ఇంగ్లీషులో చదవవలసి రావచ్చు.

అలాంటి పిల్లవాడు తరగతిలో మౌనంగా ఉంటే, అతనికి ఏమీ తెలియదని కాదు. కొత్త భాషలో ఎవరికైనా ముందు అర్థం కావడం వస్తుంది, తరువాతే మాట్లాడటం వస్తుంది. భావాన్ని ఒక భాష నుంచి మరో భాషలోకి మార్చుకోవడానికి మెదడుకు అదనంగా కొంత సమయం పడుతుంది. ఒక్క సెకనులో అది ఎలా సాధ్యం?

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. అప్పుడు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు ముద్రించారు. పుస్తకానికి రెండు భాషలు ఉండగా లేనిది, మాటకు ఎందుకుండకూడదు? ముందు పక్కవాడితో వచ్చిన భాషలో చర్చించుకుని, తరువాత తరగతిలో చెబితే భావం తప్పిపోదు, భాషా అలవడుతుంది.

చెప్పకపోతే ఏం పోతుంది?

"మాట్లాడకపోతే ఏమైంది? పరీక్షలో రాస్తే చాలదా?" అని మీకు అనిపించవచ్చు. దీనికి పటాన్‌చెరు చరిత్రే జవాబు చెబుతుంది.

ఇక్కడ మందుల, రసాయనాల కర్మాగారాలు పెరిగేకొద్దీ వాటి వ్యర్థజలాలు చెరువుల్లోకి, వాగుల్లోకి చేరాయి. నక్కవాగు ఆ నీటిని మంజీర నదికి మోసుకుపోయింది. బావుల నీళ్ళు రంగు మారడం, పైరు దెబ్బతినడం మొదట కనిపెట్టినవారు ప్రయోగశాలల్లో ఉన్నవారు కారు. రోజూ ఆ గట్ల మీద నడిచే రైతులు, పశువుల కాపరులు. ఊళ్ళవాళ్ళు నోరు విప్పారు. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు వంటివారు వాళ్ళ గొంతుకు తమ గొంతు కలిపారు. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళింది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిని వారు పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్ససిన్ అనే సూక్ష్మజీవ సంహారక మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ! ఇలాంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం ఉంది. ఈ వార్త ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులను కలవరపరిచింది.

ఇక్కడ రెండు రకాల మాటలున్నాయి చూశారా? "నీళ్ళు పాడయ్యాయి" అన్నది మొదటి మాట. "లీటరుకు ఇంత" అన్నది రెండో మాట. మొదటి మాట లేకపోతే రెండో మాట కోసం ఎవరూ సీసా పట్టుకుని రారు. రెండో మాట లేకపోతే మొదటి మాటను కాదనడం తేలిక. విజ్ఞానశాస్త్రానికి రెండూ కావాలి. చూసినది చెప్పగల నోరు కావాలి, చెప్పినదాన్ని కొలిచి చూపే పద్ధతీ కావాలి. చూసి కూడా చెప్పకుండా ఊరుకుంటే ఆ పరిశీలన చూసినవాడితోనే మాసిపోతుంది.

మన యాసలోనే రేడియో

"నా మాట మోటుగా ఉంటుంది, పుస్తకంలో ఉన్నట్టు ఉండదు" అని కొందరు సిగ్గుపడతారు. ఇదే సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు దగ్గర మాచునూరు అనే పల్లె ఉంది. అక్కడ 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువమంది చిన్న కమతాల దళిత రైతులు, దాన్ని నిలబెట్టారు. విత్తనాలు, చిరుధాన్యాలు, పశువుల జబ్బులు, పాటలు — అన్నీ వాళ్ళు రోజూ మాట్లాడుకునే యాసలోనే ప్రసారమయ్యాయి. బడి ముఖం చూడని ఎందరో స్త్రీలు మైకు ముందు కూర్చుని తమ పొలం అనుభవాన్ని చెప్పారు.

వాళ్ళకు ధైర్యం ఎక్కడిది? తమకు బాగా తెలిసిన సంగతిని, తమకు బాగా వచ్చిన మాటలో, తమవంటి వారికి చెప్పారు. తిన్నని దారిలో పరుగు అంటే అదే!

నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఆత్మవిశ్వాసానికి నాలుగు ఊటలున్నాయని చెప్పాడు. అన్నిటికన్నా బలమైనది, స్వయంగా ఒక పని చేసి గెలవడం. రెండోది, తనలాంటివాడు చేస్తుండగా చూడటం. మూడోది, నమ్మదగినవారి ప్రోత్సాహం. నాలుగోది, మన శరీరం చూపే లక్షణాలను మనం అర్థం చేసుకునే తీరు. "నీకు ధైర్యం ఉంది, భయపడకు" అని ఎంత చెప్పినా అది మూడో ఊట మాత్రమే. మొదటి ఊట తవ్వాలంటే చిన్న చిన్న గెలుపులు కావాలి. వాటికి బడిని మించిన చోటు లేదు. అక్కడ తప్పు చెప్పినా నష్టం ఏమీ లేదు; దిద్దుకోవడానికి రేపు మళ్ళీ తరగతి ఉంటుంది.

మీరే చేసి చూడండి

నలుగురైదుగురు కలిసి ఒక నెల రోజులు ఈ సాధన చేయండి.

మొదటి వారం: రోజూ ఒక పరిశీలన నోటుపుస్తకంలో రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చూశాను, ఎంత అనే నాలుగింటికి జవాబులు ఉండాలి. "నాకేమనిపిస్తోంది" అన్నది కింద వేరుగా రాయండి. ఉదాహరణకు, "చెరువు కంపు కొడుతోంది" అని వదిలేయకుండా, "మంగళవారం ఉదయం 7 గంటలకు తూము దగ్గర, జానెడు మందాన తెల్లని నురుగు" అని రాయాలి. గట్టు మీది నుంచే చూడండి, నీళ్ళు ముట్టుకోకండి.

రెండో వారం: రాసినదాన్ని ఒక్క మిత్రుడికి, మీ ఇంటి భాషలోనే, ఒక్క నిమిషంలో చెప్పండి. విన్నవాడు ఎగతాళి చేయకూడదు, మెచ్చుకోనూ అక్కరలేదు. అర్థం కానిదాని గురించి ఒక ప్రశ్న మాత్రం వేయాలి.

మూడో వారం: అదే సంగతి అయిదుగురి ముందు నిలబడి, బడి భాషలో చెప్పండి. మాట తోచకపోతే ఇంటి భాషలో మాట వాడండి, ఆగిపోవద్దు. ముందుగా నాడి లెక్కపెట్టి, అయిపోయాక మళ్ళీ లెక్కపెట్టి రాసుకోండి.

నాలుగో వారం: మాస్టారి అనుమతితో తరగతి మొత్తానికి చెప్పండి. చివర "మీకేమైనా ప్రశ్నలున్నాయా?" అని అడిగి, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టేవరకు ఆగండి. తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, చూసి చెబుతాను" అనండి. అది ఓటమి కాదు. శాస్త్రజ్ఞులు తరచుగా అనే మాటే అది.

నెల గడిచాక నాడి లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. దడ పూర్తిగా పోకపోవచ్చు, పోనక్కరలేదు కూడా. గుండె దడదడ కొట్టుకుంటున్నా గొంతు తన పని తాను చేసుకుపోవడం మీరు గమనిస్తారు. ధైర్యమంటే అదే.